ఒకే గిన్నె

కోవిడ్ తగ్గి గుడి తలుపులు మళ్ళీ తెరిచిన కొత్తలో మా సంఘంలో ప్రభురాత్రి భోజనపు పద్ధతి మారింది. బలిపీఠం మీద ఎప్పుడూ ఉండే వెండి గిన్నె బీరువాలోకి వెళ్ళింది. దాని స్థానంలో, గుండ్రటి బెజ్జాలున్న పళ్ళెంలో వరుసగా అమర్చిన బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నెలు వచ్చాయి. మోకరించిన వారు ఎవరి గిన్నె వారు తీసుకుని, ఆ గుక్కెడు ద్రాక్షారసం తాగి, పక్కనున్న బుట్టలో వేసి లేచి వెళ్ళిపోతారు. శుభ్రంగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది, ఎవరికీ అభ్యంతరం లేదు. ఆనాడు పెద్దల కమిటీలో ఆ మార్పుకు చెయ్యెత్తిన వారిలో నేనూ ఉన్నాను. రోగభయం ఉన్న రోజుల్లో అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా ఆ పళ్ళెం నా ముందుకు వచ్చిన ప్రతిసారీ మా నాయనమ్మ గుర్తుకు వస్తుంది. ఆమె గుర్తుకు వచ్చాక ఆ గుక్కెడు తేలిగ్గా దిగదు.

నాయనమ్మది రేపల్లె వైపు, కాలవ కింద పల్లె. వాళ్ళ మాలపల్లెలో గుడి, బడి ఒకే తాటాకు పాకలో నడిచేవి. చిన్నతనంలో నాట్లకో కోతలకో పోయినప్పుడు దాహం వేస్తే పెద్దిళ్ళ వాకిలి బయట నిలబడి దోసిలి పట్టేవారట. లోపలినుంచి వచ్చినావిడ చెంబు ఎత్తి పైనుంచి పోసేది. చెంబు మూతికీ దోసిలికీ నడుమ మూరెడు ఎత్తు ఉండాలి. ఇంకా మడి పట్టింపు ఉన్నవారైతే అంతకంటే ఎత్తునుంచి పోసేవారు, అప్పుడు సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారి నేలపాలయ్యేవి. ఆ ఎత్తు ఎంతో నాయనమ్మ ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పైన పెట్టి గాలిలో కొలిచి చూపించేది. చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండేది కాదు. చేతులు మాత్రం ప్రతిసారీ సరిగ్గా అంతే దూరంలో ఆగేవి.

అటువంటి మనిషికి మొదటిసారి బల్లలో, అంటే ప్రభురాత్రి భోజనంలో, పాల్గొన్న ఆదివారం పాదిరిగారు నోటికి అందించిన గిన్నె ఎలా తోచి ఉంటుందో ఊహించండి. తనకు ముందు అదే గిన్నెలో మిషను బడి పెద్దపంతులుగారు తాగారనీ, ఆయన పుట్టుకతో తమవారు కారనీ, ఆయన తాగిన అంచునే పాదిరిగారు గుడ్డతో తుడిచి తన పెదవులకు ఆనించారనీ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "ఎంగిలి అనేది ఆ రోజుతో పోయిందిరా అయ్యా" అనేది. ఆ మాట బరువు తెలుగు ఊళ్ళలో పుట్టిన వారికి విడమరచి చెప్పనక్కరలేదు. తల్లి కొరికి బిడ్డకు పెట్టిన జామకాయలో కనబడని ఎంగిలి, కూలికొచ్చిన మనిషి పెదవి తగిలిన చెంబులో కనబడేది. టీ దుకాణాల్లో రెండు గ్లాసుల పద్ధతిగా అది మా తరం దాకా నడిచింది. 1985 జూలైలో కారంచేడులో దళితుల మీద జరిగిన ఘోరం కూడా మంచినీటి చెరువు దగ్గర మొదలైన మాటామాటా నుంచే రగిలింది. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో నాయనమ్మకు మధ్యలో రెండు మాటలు ఎప్పుడూ తప్పిపోయేవి. కాని సువార్త ఏమిటో ఆమెకు ఆ గిన్నె అంచు మీద తెలిసింది, తెలిసినది చనిపోయేదాకా మరచిపోలేదు.

ఆ గిన్నె ఆమెదాకా రావడం అంత సులువుగా జరిగిన పని కాదు. మిషనరీలు వచ్చారు, బళ్ళు పెట్టారు, జనం చేరారు అని మనం ఒక్క ముక్కలో చెప్పేస్తుంటాం. 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరుకు చేరిన నాటినుంచి లూథరన్ మిషను చేసిన మేలు ఈ ఊరికి తెలుసు. అయితే సంఘం ఎవరిది అన్న ప్రశ్న ప్రతి చోటా, ప్రతి మిషనుకూ ఎదురైంది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బడి పెట్టిన కొత్తలో బ్రాహ్మణ బాలురు చదువుకోవడానికి వచ్చారు. అదే సమయంలో మాదిగపల్లెల నుంచి మనుషులు బాప్తిస్మం కోరి వచ్చారు. వీరిని చేర్చుకుంటే మా పిల్లలు రారని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనబడిందట: లోకం తృణీకరించిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. మాదిగలను చేర్చుకున్నారు, బడి ఖాళీ అయింది. తర్వాత కరవు కాలంలో, 1878 జూలై 3న, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఖాళీ అయిన ఆ తరగతి గదిని తలచుకునేవారు తక్కువ.

తంజావూరు వైపు సంఘాల్లో దీనికి అంతకుముందే పరీక్ష జరిగింది. అక్కడ క్రైస్తవులై కొన్ని తరాలు గడిచినా కులాన్ని బట్టి వేరువేరుగా కూర్చునేవారు, బల్ల దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పట్టింపు ఉండేది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఈ భేదాన్ని వెంటనే, పూర్తిగా, ఇక తిరుగులేకుండా విడిచిపెట్టాలని లేఖ రాశాడు. చాలామంది ఆ భేదాన్ని వదులుకోలేక సంఘాన్నే వదులుకున్నారు. విగ్రహాన్ని వదిలినవారు, పండుగలను వదిలినవారు, కొందరు అయినవారినే వదులుకుని వచ్చినవారు, గిన్నె దగ్గర వరసను మాత్రం వదలలేకపోయారు.

ఇంతా ఎందుకు చెబుతున్నానంటే, సంప్రదాయాలు మారిపోతున్నాయన్న దిగులు ఇప్పుడు మా సంఘాల్లో నలుగురు కూడిన చోటల్లా వినబడుతున్నది. కొందరికి కీర్తనలు పోతున్నాయని బాధ, కొందరికి క్రమం ప్రకారం ఆరాధన జరగడం లేదని బాధ, ఇంకొందరికి మన ఆడవాళ్ళు బొట్టు పెట్టుకుంటున్నారని బాధ. వీటిలో ఏదీ చిన్న విషయమని నేననను. కాని ప్రతి ఆచారాన్నీ, మారినదాన్నీ మారనిదాన్నీ కూడా, నాయనమ్మ చేతుల నడుమ ఉన్న ఆ మూరెడుతో కొలవాలన్నది నా వాదన. చెంబుకూ దోసిలికీ మధ్య ఎత్తు తగ్గించిన మార్పు మనది, అది నిన్న వచ్చినదైనా సరే. ఆ ఎత్తును కాపాడే పద్ధతి మనది కాదు, అది మన తాతల కాలం నుంచి వస్తున్నా సరే.

పాటల సంగతి తీసుకుందాం. మా పెద్దలు ప్రాణంగా చూసుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఒకనాడు కొత్తవే. దొరలు తెచ్చిన రాగాలకు తెలుగు మాటలు అతికించి పాడుతున్న కాలంలో పురుషోత్తమ చౌదరి వంటివారు పల్లవి, చరణాలతో, ఈ నేల రాగతాళాలతో కీర్తనలు కట్టారు. అందుకే అక్షరం రాని నాయనమ్మకు పాతిక కీర్తనలు నోటికి వచ్చేవి. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్‌లు, గోడ మీద తెర వచ్చాయి. పిల్లలు ఉత్సాహంగా పాడుతున్నారు, అది నాకు సంతోషమే. తెర మీద అక్షరాలు కనబడక, కొత్త వరస పట్టుబడక వెనక బెంచీలో పెదవులు బిగించి కూర్చున్న ముసలమ్మ ఒక్కతె ఉన్నా ఆ పాటకు ఒక కీర్తన తోడు కావాలని మాత్రం మా గాయక బృందాన్ని అడుగుతుంటాను. ఈ గొడవ అంతటితో తీరేదే.

పక్కింటి పండుగ పళ్ళెం సంగతి అంత సులువుగా తీరదు. మేము బ్రాడీపేటలో ఉన్న రోజుల్లో వినాయక చవితికి పక్కింటి పిన్నిగారు అరిటాకు కప్పిన స్టీలు పళ్ళెంలో ఉండ్రాళ్ళు, పులిహోర పంపేవారు. మా అమ్మ ఉజ్జీవ కూటాల్లో రక్షణ అనుభవం పొందిన మనిషి. విగ్రహాలకు అర్పించినది ముట్టనని నిశ్చయించుకున్నది. నాయనమ్మ రెండు చేతులా అందుకునేది. ఈ విషయం మీద అత్తాకోడళ్ళకు ఏటా ఒకసారి మాట పెరిగేది. అమ్మ దగ్గర వాక్యం ఉంది: ఇది బలి అర్పింపబడినదని ఎవరైనా మీతో చెబితే, అలా చెప్పినవాని నిమిత్తం, మనస్సాక్షి నిమిత్తం తినవద్దని పౌలు రాశాడు. దానికి సరిగ్గా ముందు మాటల్లోనే, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వడ్డించినది ఏమీ విచారించకుండా తినమని కూడా ఆయనే రాశాడు. అపొస్తలుడు రెండూ ఒకేచోట ఎందుకు రాశాడో ఆ వయసులో నాకు అర్థం కాలేదు.

నాయనమ్మ వాక్యం ఎత్తేది కాదు. "అలాంటి ఇళ్ళ ముందేనమ్మా నేను దోసిలి పట్టి నిలబడ్డది. ఇవాళ ఆ పిల్ల గడప దిగొచ్చి పళ్ళెం నా చేతికిస్తే నేను చెయ్యి వెనక్కి తీసుకోనా? మనం ప్రార్థన చేసి పంపిన కేకు వాళ్ళు క్రిస్మస్ నాడు తినటంలా?" అనేది. అమ్మ దీనికి ఎన్నడూ బదులు చెప్పలేదు. తన నిశ్చయం మార్చుకోనూ లేదు. కాని పిన్నిగారి పళ్ళెం ఒక్కసారి కూడా ఖాళీగా తిరిగి వెళ్ళలేదు. అమ్మ దాన్ని స్వయంగా కడిగి, తుడిచి, నాలుగు అరటిపళ్ళు పెట్టి, తనే పట్టుకెళ్ళి ఇచ్చి, గడప మీద కూర్చుని కాసేపు మాట్లాడి వచ్చేది. ఇన్నేళ్ళ తర్వాత నాకు అనిపిస్తున్నది: తిన్నావిడా, తిననావిడా ఇద్దరూ ఆ మూరెడును తగ్గించారు. తినకపోవడమే సాక్ష్యమని పళ్ళేన్ని గుమ్మంలోంచే తిప్పి పంపేవారిని చూశాను. తినడమే ఉదారత అనుకుని పక్కింటివారి పేరు కూడా తెలుసుకోని వారినీ చూశాను. నేను తీసుకుంటాను, దేవునికి కృతజ్ఞత చెప్పి తింటాను. మా ఆవిడ తినదు. ఈ విషయంలో ఆమెను ఒప్పించాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

ఇదే కళ్ళతో చూసినప్పుడు గుణదల కొండ కూడా నాకు వేరుగా కనబడింది. అక్కడ 1924లో ఫాదర్ అర్లాటి మేరీమాత స్వరూపాన్ని నిలిపాడు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. లూథరన్ ఇంట పెరిగిన నాకు ఈ మొక్కుబడులన్నీ పరాయివే; ఒక కతోలిక మిత్రుడి వెంట మెట్లెక్కిన రోజున కూడా నేను మొక్కుకోలేదు. కాని ఆ వరుసలో క్రైస్తవులూ హిందువులూ కలిసి నిలబడ్డారు, నా వెనక పసిబిడ్డతో ఉన్న తల్లి నుదుట కుంకుమ ఉంది, నా సీసాలో నీళ్ళు అడిగి తాగి తిరిగి ఇచ్చింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

గుడిలో అడుగుతాం. మా కోస్తా మాటల్లో "మీరేమిట్లండీ?" అని మెత్తగా అడుగుతాం. ఆ ప్రశ్న నేనూ అడిగాను. మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నప్పుడు విజయవాడ నుంచి ఒక మంచి కుటుంబం వారు ఫోను చేశారు. అమ్మాయి చదువుకున్నది, సండే స్కూల్లో పాఠాలు చెబుతుంది, తండ్రి సంఘ పెద్ద. పావుగంట ఎంతో ఆత్మీయంగా మాట్లాడాక, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఆ ప్రశ్న నా నోట వచ్చేసింది. అవతల ఆయన ఒక్క క్షణం ఆగి, "మేము మాదిగలమండీ" అన్నారు. నేను "చూద్దామండీ, ఇంట్లో మాట్లాడి చెబుతాను" అన్నాను. మళ్ళీ ఫోను చేయలేదు. ఇది జరిగి ఆరేళ్ళయింది; నా బైబిలు జ్ఞానమంతా, నా ప్రార్థనా జీవితమంతా ఆ ఒక్క ప్రశ్న ముందు ఏమైపోయిందని ఇప్పటికీ నన్ను నేను అడుగుకుంటూ ఉంటాను. దోసిలి పట్టినామె మనవణ్ణి నేను. చెంబు ఎత్తి పట్టుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు, అయినా వచ్చింది.

నేను ఒక్కణ్ణే కాదు గనుకనే రాస్తున్నాను. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ; ఫిరంగిపురం వంటి చోట్ల తరతరాలుగా కతోలికులైన రెడ్లున్నారు. ఏ మిషను ఏ పల్లెకు ముందు వెళ్ళిందన్నదాని వల్ల మొదట ఇలా ఏర్పడి ఉండవచ్చు, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. కాని నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా పెళ్ళిపత్రికల్లోను, సంఘ ఎన్నికల్లోను, కొన్ని ఊళ్ళలో సమాధుల తోట గోడల్లోను ఆ గీతలే ఎందుకు కనబడాలి? మతం మారింది, పేర్లు మారాయి, పండుగలు మారాయి, చావుపుట్టుకల తంతులు మారాయి, పదకొండో రోజు జ్ఞాపకార్థ కూడిక అయింది. ఇన్ని మార్చుకున్న మనం దీన్ని మార్చుకోలేదు. ఇది పోతుందేమోనని దిగులుపడే పెద్దను నేను ఇంతవరకు చూడలేదు, ఎందుకంటే ఇది పోదని అందరికీ తెలుసు.

చట్టం దీన్ని ఇంకా చిక్కు చేసింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఆ కులాలనుంచి వచ్చిన క్రైస్తవులకు వెనుకబడిన తరగతుల్లో సీ విభాగం (బీసీ-సీ) కింద ఒక్క శాతం రిజర్వేషను ఉంది. దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి హక్కు లేదని చట్టం అంటుంది. కులం ఉన్నదని మా గుడి బెంచీలకు తెలుసు. ఈ రెంటి మధ్య నలిగి, పిల్లల చదువు కోసం కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం పెట్టుకున్న కుటుంబాలను పుల్పిట్ మీదనుంచి అబద్ధికులని తిట్టడం విన్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. వారిని అలా నిలబెట్టిన దూరాన్ని తగ్గించడానికి ఆ పుల్పిట్ ఏం చేసింది? ఆ హక్కు కోసం చట్టసభల గుమ్మం తొక్కడం న్యాయమే. అదే నోటితో సంబంధాలు చూసేటప్పుడు మనం అడిగే ప్రశ్న మానుకోకపోతే మన వాదనకు బలం ఎక్కడినుంచి వస్తుంది?

గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయాన్ని నేను ఇప్పుడు తరచు చదువుతున్నాను. అంతియొకయలో యూదుడైన పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోజనం చేస్తున్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చేసరికి వారికి భయపడి మెల్లగా వెనక్కి తగ్గి వేరుపడ్డాడు. బర్నబా వంటివాడు కూడా ఆయన వెంట పోయాడు. పేతురు సిద్ధాంతమేమీ మార్చలేదు. కేవలం పంక్తి మార్చాడు. పౌలు అది చూసి, వీరు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదని అందరి ఎదుట ముఖాముఖి నిలదీశాడు. ఎవరి పక్కన కూర్చుని తింటున్నారన్న ఒక్క విషయానికి సువార్త సత్యం అన్నంత పెద్ద మాట వాడాడు. మనకు పంక్తి అంటే ఏమిటో ఆ అంతియొకయవారి కంటే బాగా తెలుసు.

మొన్నటి పరిశుద్ధ గురువారం రాత్రి ఆరాధనకు వెండి గిన్నె బయటికి తీయమని పాస్టరుగారిని అడిగాను. చిన్న గిన్నెల పళ్ళెం కూడా ఉంచుదాం, రోగభయమున్నవారు అందులోనే తీసుకుంటారు, బలవంతం వద్దు అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. చాలా కాలంగా వాడక గిన్నె నల్లబడింది. చింతపండు పెట్టి తోమితే మెరిసింది. ఆ రాత్రి ఎక్కువమంది పళ్ళెం వైపే వెళ్ళారు. గిన్నె వైపు మోకరించిన కొద్దిమందిలో నాకు ముందు, మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పని చేసే ఒకావిడ ఉంది. ఆమె తాగింది. పాస్టరుగారు అంచు తుడిచి, గిన్నెను కొద్దిగా తిప్పి నాకు అందించారు. నా చేతులు అందుకోవడానికి ఒక్క క్షణం తడబడ్డాయి. అది రోగభయమేనా అని నాలో నేను అడుగుకున్నాను, వచ్చిన జవాబుకు సిగ్గుపడ్డాను. తాగాను.

ఆరాధన అయ్యాక ఆవిడ మెట్ల దగ్గర ఆగి, "వందనాలు అయ్యగారూ. ఈ గిన్నె సంగతి మా అమ్మ చెబుతుండేది" అంది. "అయ్యగారు అనకమ్మా, అన్నయ్యా అను" అన్నాను. ఆమె మొహమాటంగా నవ్వి, "అలాగే అయ్యగారూ" అని చెప్పులు వేసుకుని వెళ్ళింది.

ప్రతి నెలా మొదటి ఆదివారం గిన్నె కూడా బలిపీఠం మీద ఉంచాలని కోరుతూ కమిటీకి రాసిన అర్జీ నా దగ్గర ఉంది. ఏడుగురి సంతకాలు కావాలి, ఐదు వచ్చాయి. ఆరోది ఆవిడ చేత పెట్టించడానికి వచ్చే ఆదివారం అడగబోతున్నాను.